ఆరు దోషాల ఇల్లు

గిద్దలూరు నుంచి దక్షిణం దారి పట్టి పోతే పోరుమామిళ్ళ వస్తుంది. అక్కడి పెద్ద చెరువును బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. అంతా అయ్యాక 1369లో సంస్కృతంలో ఒక శాసనం వేయించాడు. చెరువుకు ఉండాల్సిన హంగులు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని అందులో చెక్కించాడు. కట్ట కారకూడదు. నేల చౌడు కాకూడదు. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండకూడదు. చెరువు నడిమధ్య కూర్మంలాగా మెట్ట లేవకూడదు. నీళ్ళు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కాకూడదు. నీళ్ళు ఎక్కువై నేల చాలకపోనూ కూడదు.

నేను సోషల్ మాస్టారిని. పుస్తకంలో లేకపోయినా పక్క ఊరి సంగతి కదా అని ఈ శాసనం గురించి ఏటా పిల్లలకు చెబుతాను. అలాంటి నేను ఆ ఆరు దోషాలూ ఒకే కప్పు కింద చేరిన ఇంటిని ఏరికోరి పట్టుకుని, పీఎఫ్ లోను పెట్టి, బ్యాంకు అప్పు తెచ్చి, మంచి ముహూర్తం చూసి మరీ రిజిస్ట్రేషను చేయించుకున్నాను. చెరువు దోషాలు ఇంటికెట్లా వస్తాయని మీరడగొచ్చు. కొనేముందు నేనూ అట్లాగే అనుకుని ఉండేవాణ్ణి, అసలు ఆ సంగతి తలపుకొచ్చి ఉంటే.

మా వైపు ఇల్లు కొనడమంటే ముందు కాగితాలు కొనడం. ఇల్లు చూసొచ్చానని ఎవరితో అన్నా మొదటి ప్రశ్న, “లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?” గోడలు ఎట్లా ఉన్నాయని అడిగినవాళ్ళు లేరు. 1983 నుంచి ఈసీ ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది కాబట్టి అది తీయించాను. అంతకు ముందువాటికి నకళ్ళు తీయించాను. అమ్మే ఆయన తాతగారి నాటి దస్తావేజులో ఆ స్థలం కర్నూలు జిల్లాలో ఉంది. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా పుట్టినప్పుడు మమ్మల్ని ఇటు కలిపారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అందుకని తండ్రిగారి దస్తావేజులో అదే స్థలం ప్రకాశం జిల్లా. 2025 ఆఖర్న మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది కాబట్టి ఇక మీదట మార్కాపురం జిల్లా. ఉన్నచోటి నుంచి కదలకుండా మూడు జిల్లాలు చూసిన ఇల్లు అది. కదలకుండా అనడం మర్యాద కోసం.

జిల్లా ఇంకా రాకముందే, వస్తుందన్న మాటను బ్రోకరు నాకు అమ్మేశాడు. “జిల్లా పడితే సెంటు రేటు యాడికో పోద్ది సార్. ఈ నేల చూడండి, బంగారం. ఇదంతా ఒకప్పుడు శనగ చేను. ఎట్టా పండేదనుకున్నారు!” బాగా పండిన నేల అనగానే నా మనసు నిండిపోయింది. పంటకు పనికొచ్చిన నేల ఇంటికీ పనికొస్తుందని నాకు నేనే అనేసుకున్నాను. శనగ ఏ నేలలో పండుతుందో తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి లేపి అడిగినా చెబుతాడు.

ఇక బ్యాంకు. అప్పు 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. మా బ్యాంకు 80 దగ్గర ఆగిపోయింది. ఆ పది శాతం నా మీద అపనమ్మకమనుకుని చిన్నబోయాను. ఇంటి మీదేమో అని ఇప్పుడనిపిస్తోంది. బ్యాంకు పంపిన లాయరు కాగితాలన్నీ చదివి సంతకం చేశాడు. బ్యాంకు పంపిన ఇంజనీరు టేపుతో గదులు కొలిచి, నన్ను గేటు ముందు నిలబెట్టి ఫోటో తీసుకుని, మజ్జిగ తాగి వెళ్ళాడు. ఆయన రిపోర్టులో ‘భవనానికి మిగిలిన ఆయుష్షు’ అని ఒక గడి ఉంది. అందులో 40 సంవత్సరాలు అని వేశాడు. నాకు ఏ జ్యోతిష్కుడూ అంత ఆయుష్షు చెప్పలేదు. బ్యాంకు చూసేది ఇల్లు అమ్మితే ఎంత వస్తుందన్న లెక్కే కానీ ఇల్లు నిలబడుతుందా అన్నది కాదని అప్పుడు తట్టలేదు. బ్యాంకువాళ్ళే ఒప్పుకున్నారంటే ఇక చూడాల్సిందేముంది అని స్టాఫ్ రూములో నలుగురికీ ధీమాగా చెప్పాను.

అయిదు శాతం స్టాంపు డ్యూటీ, ఒకటిన్నర ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఒక శాతం రిజిస్ట్రేషను ఫీజు, వెరసి ఏడున్నర శాతం ప్రభుత్వానికి కట్టాను. వాస్తు సిద్ధాంతికి కట్నం ఇచ్చాను. బ్రోకరుకు కమీషను ఇచ్చాను. స్వీట్లు పంచాను. ఒక ఇంజనీరును పిలిచి, వెయ్యో రెండు వేలో చేతిలో పెట్టి, ‘నాయనా, ఈ ఇల్లు ఉంటుందా పోతుందా చెప్పు’ అని అడగడానికి మాత్రం, డబ్బు దండగ అనిపించింది.

సిద్ధాంతి గురించి చెప్పాలి. మా ఇంట్లో గౌరు తిరుపతిరెడ్డి గారి వాస్తు పుస్తకం మా నాన్న కాలం నుంచీ ఉంది. అయినా మనిషి వచ్చి చెబితేనే మనసుకు తృప్తి. సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. సింహద్వారం బాగుంది, వంటిల్లు ఆగ్నేయంలో ఉంది, నైరుతి బరువుగా ఉంది, అన్నీ భేషుగ్గా ఉన్నాయన్నాడు. ఒక్కటే లోటట. “ఈశాన్యం పెరగాలి మాస్టారూ. నీళ్ళ సంపు అక్కడికి మార్చండి. ఇక చూసుకోండి మీ దశ.” మార్చాను. ఇంటి గోడకు జానెడు దూరంలో తవ్వించి కట్టించాను. ఈశాన్యం నిజంగానే పెరిగింది. అదెట్లా పెరిగిందో కాసేపాగి చెబుతాను.

ఇంత హడావుడిలో ఆ ఇంటిని నిజంగా పరీక్ష చేసిన మనిషి ఒక్కతే, మా ఆవిడ. ఆవిడది మార్కాపురం. మా మామగారు పలకల ఫ్యాక్టరీలో పనిచేశారు. దేశంలో ఎన్ని లక్షల మంది పిల్లలు మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దారో లెక్కలేదు. గనిలోంచి తెచ్చిన రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తారు. చట్రం బిగించేముందు పలకను ఒక చేత్తో అంచున పట్టుకుని రెండో చేతి కణుపుతో కొట్టి చూస్తారట. మంచి పలక ఖంగుమంటుంది. లోపల కంటికి కనపడని చీలిక ఉన్నది మొద్దుగా పలుకుతుంది. పసితనంలో ఆ పని చూస్తూ పెరిగిన మనిషి కదా, ఇల్లు చూడబోయిన రోజు హాల్లో గోడ పొడుగునా కణుపుతో కొట్టుకుంటూ నడిచింది. కిటికీ పక్కన ఆగింది. మళ్ళీ కొట్టింది.

“ఏమండీ, ఇక్కడ గుల్లగా పలుకుతోంది.”

అమ్మే ఆయన పక్కనే ఉన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. “అది గోడే, పలక కాదు. ఊరుకో” అన్నాను. ఊరుకుంది. మా ఆవిడ ఊరుకున్నదంటే అది మర్చిపోయిందని కాదు, దాచుకుందని అర్థం. ఆ మాట ఇప్పటికీ వడ్డీతో సహా నాకు చెల్లిస్తూనే ఉంది.

ఆ గుల్ల పలికిన చోటే వేంకటేశ్వరస్వామి, పద్మావతీ అమ్మవారు ఉన్న నిలువెత్తు క్యాలెండరు వేలాడుతోంది. కిటికీ పై మూల నుంచి స్లాబు దాకా సరిపోయేంత క్యాలెండరు. దాని నెల మారి చాలా కాలమైందని కూడా గమనించాను. ఇంత భక్తిపరులు అమ్ముతున్న ఇల్లు అనుకుని, చెప్పులు పక్కన విడిచి, దాని ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకున్నాను. మొత్తం ఇంట్లో కళ్ళు తెరిచి చూడాల్సిన చోటు అదొక్కటే.

గృహప్రవేశానికి బంధువులంతా వచ్చారు. ఇల్లు గురించీ పెళ్ళి గురించీ ఉన్న ఆ సామెత నేను చెప్పను, వచ్చిన ప్రతివాళ్ళూ నాకు చెప్పి వెళ్ళారు. హాల్లో కింద పొయ్యి పెట్టి పాలు పొంగించాం. పాలు తూర్పుకు పొంగాయి. పెద్దవాళ్ళు శుభం శుభం అన్నారు. మా మేనత్త కళ్ళు తుడుచుకుంది. రెండోసారి పెట్టినా తూర్పుకే పొంగాయి. మా చిన్నవాడి గోలీ, నిమ్మకాయ, ఎవరిదో జారిపడిన ఉంగరం కూడా ఆ రోజు తూర్పుకే పోయాయన్నది ఎవరికీ పట్టలేదు.

మొదటి వానకు భవదూరుడి మొదటి దోషం బయటపడింది. కట్ట కారింది. అంటే పై బాత్రూము కింద స్లాబు ఉరిసింది. మా బావది కంభం. కంభం చెరువు గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డం వేసిన ఆ కట్టకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమని అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపు తన సొంతానికి వచ్చినట్టే మా బావ మాట్లాడుతాడు. కింద బకెట్టు పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి, “మా వరదరాజమ్మ కట్ట అయిదొందల ఏండ్ల నాటిది. అన్ని నీళ్ళను ఆపుతాంది. నీది ఒక బకెట్టు నీళ్ళ స్నానాన్ని ఆపలేకుండ్లా బావా” అన్నాడు.

కారడంతో పోతే ఏదో ఒకటి అనుకోవచ్చు. ఒక ఆదివారం పిల్లల జవాబు పత్రాలు దిద్దుతుంటే పైనుంచి అరచేయంత పెచ్చు ఊడి ఆ పత్రాల కట్ట మీద పడింది. తలెత్తి చూస్తే స్లాబులోని ఇనుప చువ్వ బయటికి కనబడుతోంది. నేను మొదటిసారి మా ఇంటి లోపలి భాగం చూడటం అదే. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెట్లకు రెట్లు చోటు తీసుకుంటుందట. ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి తోస్తుందట. చువ్వకు కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని కోడ్ పుస్తకం చెబుతుంది. దాన్ని మేస్త్రీలు ‘కవరు’ అంటారు. స్లాబు పోసేటప్పుడు చువ్వల కింద చిన్న సిమెంటు దిమ్మెలు పెడితే ఆ కవరు వస్తుంది. మాకు ఆ దిమ్మెలు పెట్టలేదు. బస్తాడు సిమెంటు కూడా పట్టని పని. చువ్వలు నేరుగా సెంట్రింగు రేకు మీద పడుకున్నాయి. వాటికి దుప్పటిగా ఉన్నది సున్నం పూత, దాని మీద లప్పం, దాని మీద పిస్తా రంగు.

ఆ పిస్తా రంగు వాసన ఇంకా ఆరకముందే నేను ఇల్లు చూశాను. కొత్త రంగు వేయించి ఇస్తున్నాడు, ఎంత మంచివాడు అనుకున్నాను. రంగు వేసిన ఇంటిని చూసి మురిసిపోయేవాడికి, రంగు ఇప్పుడే ఎందుకు వేశారని అడగడం రాదు. మా ఆవిడ అడిగింది. ఆ రోజు ఆవిడ అడిగిన ప్రశ్నలన్నిటికీ నేనే జవాబు చెప్పాను, ఇల్లు అమ్మేవాడికంటే ముందుగా.

రెండో దోషం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చౌడు. వాన వెలిసిన వారానికి గోడల కింది మూరెడు మేర ఉప్పు పూసింది. లప్పం పొరలు పొరలుగా లేచి నేల మీద రాలుతుంది. మా చిన్నవాడు వేలితో తీసి నాలుకకు రాసుకుని, “అమ్మా, ఉప్పే” అని రూఢి చేశాడు.

సంక్రాంతికి మా పాత విద్యార్థి ఒకడు ఊరికి వచ్చాడు. ఒంగోలు వైపు సైటు ఇంజనీరుగా పనిచేస్తున్నాడు. మాస్టారు ఇల్లు కొన్నారని అరిసెలు తీసుకుని వచ్చాడు. లోపలికి అడుగు పెట్టి, కూర్చోకుండా, అరిసెల డబ్బా చంకలోనే పెట్టుకుని నేల వంక చూస్తూ నిలబడ్డాడు. హాలు మధ్యలో బండలు నాలుగు లేచి ఉన్నాయి. బేతంచెర్ల బండలు. ఉబ్బిన చోట కాలి కింద కదులుతున్నాయి కూడా. నేను వాటి మీద చాప పరిచి, చాప మీద టీపాయి పెట్టి, టీపాయి మీద పూలసజ్జ పెట్టాను. అమ్మిన ఆయన పద్ధతి నాకూ అలవాటైంది.

“సార్, నేల నడుమ లేసిందే” అన్నాడు.

“బండలు సరిగా పరచలేదురా.”

“బండలు కాదు సార్, కింద నల్లరేగడి. మీరే చెప్పారు కద సార్ మాకు. తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే నెర్రెలిస్తుంది, తనను తానే దున్నుకునే నేల అని. నాలుగు మార్కుల క్వశ్చను.”

నాలుగు మార్కుల ప్రశ్న మీద ఇల్లు కట్టి ఉంటారని నేననుకోలేదు. వాడు ఆ ఏడు ఆ ప్రశ్నకు మూడే మార్కులు తెచ్చుకున్నాడు. నేనే వేశాను. ఇప్పుడు వాడు నాకెన్ని వేస్తున్నాడో ముఖం చూస్తే తెలిసిపోతోంది.

పండగ పూట గోచీ బిగించినంత పని చేశాడు. తూకంగుండు తెప్పించి గోడ మూలలు చూశాడు. మేస్త్రీ వాడే నీళ్ళ గొట్టంతో హాలు మట్టం చూశాడు. ఇంటి వెనక గోడ పక్కన గుంత తీయించి పునాది ఎంత లోతుందో చూశాడు. మూడు అడుగులు కూడా లేదు. వేసవిలో ఆ రేగడి అంతకంటే లోతుకు నెర్రెలిస్తుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవాళ్ళు ఇలాంటి నేలల కోసమే ఒక రకం పునాది మీద ఏళ్ళ తరబడి పనిచేశారట. నేలలోకి సన్నని గుంత దింపి అడుగున దాన్ని బుడ్డిలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. మన దేశపు కోడ్ ప్రకారం అది కనీసం మూడున్నర మీటర్ల లోతుకు పోవాలి. ఎండా వానా తెలియని లోతు అది. అంత ఖర్చు పెట్టలేనివాళ్ళు కనీసం రేగడిని తీసేసి గరుసు పోసి తొక్కించి, దాని మీద కట్టుకోవాలి, బేస్‌మట్టం దగ్గర చుట్టూ బెల్టు వేసుకోవాలి. మా ఇంటికి ఇవేవీ లేవు. శనగ కోసిన వారంలో ముగ్గు పోసినట్టున్నారు.

నడుమ ఎందుకు లేచిందో కూడా వాడు బొగ్గుముక్కతో నేల మీద బొమ్మ గీసి చెప్పాడు. ఇల్లు కట్టాక దాని కింది నేలకు ఎండ తగలదు. అడుగునుంచి వచ్చే చెమ్మ ఆరే దారి లేక నడుమన చేరుతుంది, నడుమ ఉబ్బుతుంది. అంచులు ఎండకు ఎండి కుంగుతాయి. అంచుల మీదే గోడలున్నాయి. గోడ కుంగితే అది ఎక్కడ బలహీనంగా ఉందో అక్కణ్ణుంచి పగులు పుడుతుంది, అంటే కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి. వాడు ఆ మాట అంటుండగానే మా ఆవిడ లేచి వెళ్ళి, మేము కూడా అట్లాగే ఉంచేసుకున్న స్వామివారి క్యాలెండరును ఎత్తి చూపింది. వేలు దూరేంత పగులు. భవదూరుడు చెప్పిన కూర్మం హాల్లో ఉంది, దాని వల్ల వచ్చిన చీలిక గోడలో ఉంది.

“ఈశాన్యం మూల మాత్రం తేడాగా ఉంది సార్. మిగతా అంచులు దిగినాయి, అది పైకి లేసింది. యాడన్నా నీళ్ళు దిగుతాన్నాయా?”

సిద్ధాంతి చెప్పి కట్టించిన సంపు. జానెడు దూరంలో. అది మొదటి నెల నుంచీ కారుతోంది. ఈశాన్యం పెరగాలన్నాడు, రెండు అంగుళాలు పెరిగింది. పొడవుకు కాదు, పైకి. ఈశాన్యం ఎత్తు కావడం వాస్తు ప్రకారం మహా దోషమట. అది కూడా మళ్ళీ ఆయనే చెప్పాడు, మళ్ళీ కట్నం తీసుకుని.

మా తాతది మట్టిమిద్దె. రాయీ మట్టీ పేర్చిన రెండడుగుల మందం గోడలు, దూలాలు, దంతెలు, మీద చౌడు మన్ను. అదీ కారేది, అదీ పగిలేది. ఏటా వానలకు ముందు తట్టెడు చౌడు మన్ను మిద్దె మీద వేసి తొక్కేవాళ్ళు, పగుళ్ళలో మట్టి కూరేవాళ్ళు. ఇంటికి ఏటా మనిషి చెయ్యి పడాలని అందరికీ తెలుసు. సిమెంటు వచ్చాక మనకొక భ్రమ పట్టుకుంది, ఒకసారి పోస్తే మళ్ళీ తలెత్తి చూడక్కర్లేదని. నేను తలెత్తి చూడలేదు, క్యాలెండరు ముందు తల వంచాను కూడా.

మూడో దోషం, రెండు రాజ్యాల పొలిమేర. మా పడమటి గోడ ఉమ్మడి గోడ. అవతల ఉన్నది అమ్మిన ఆయన సొంత తమ్ముడు. అన్నదమ్ములకు మాటల్లేవు. పగులు ఆ గోడలోకీ పాకింది. పగులుకు అడ్డంగా చువ్వలు దించి కుట్టాలంటే అటు నుంచీ కొంత చెక్కాలి. అడగడానికి వెళ్ళాను. ఆయన కాఫీ ఇచ్చాడు, బాగోగులు అడిగాడు, తర్వాత పగులు చూశాడు. “ఇది మా అన్న వైపు నుంచి మొదలైంది మాస్టారూ. మా వైపు చెయ్యి పెట్టనీను” అన్నాడు. పగులుకు కూడా వాటాలున్నాయి. పెద్దమనుషుల్లో పెట్టాను. పెద్దమనుషులు వచ్చి పగులును రెండు వైపుల నుంచీ చూసి, గోడ పంచుకున్నప్పుడు పగులునూ పంచుకోవాల్సిందేనన్నారు. ఖర్చు ప్రసక్తి వచ్చేసరికి మాత్రం అది పూర్తిగా నాది అయింది.

ఇదంతా అమ్మినాయన మీద కేసు వేస్తే తిరిగొస్తుందేమో అని మా ఊరి లాయరు మిత్రుణ్ణి అడిగాను. ఆయన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తీశాడు. 55వ సెక్షను. కొనేవాడికి తెలియనిదీ, మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపెట్టలేనిదీ అయిన లోపం ఇంటికి ఉండి, అది అమ్మేవాడికి తెలిసి ఉంటే చెప్పి తీరాలని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

“అయితే ఆ పగులు చెప్పలేదుగా!”

“క్యాలెండరు ఎత్తి చూడ్డం మామూలు జాగ్రత్త కిందికే వస్తుందంటాడు కదా అవతలి లాయరు. మీ ఆవిడ గుల్లగా ఉందని చెప్పింది కూడానట. ఆవిణ్ణి సాక్షిగా పిలిస్తే ఎవరి తరఫున చెబుతుంది?”

నేను జవాబు చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు. రెరా చట్టంలో నిర్మాణ లోపాలకు అయిదేళ్ళ పూచీ ఉంది కదా అన్నాను. అది కట్టి అమ్మే ప్రమోటర్లకు, ఇరవై ఏళ్ళు కాపురముండి అమ్ముకున్న పెద్దాయనకు కాదన్నాడు. ఫీజు తీసుకోలేదు. అన్ని ఖర్చుల్లోకీ నన్ను బాధపెట్టింది అదే. ఆయన కూడా జాలి పడ్డాడంటే ఇక చూసుకోండి.

2024 డిసెంబరులో మాకు తూర్పున ముండ్లమూరు, తాళ్ళూరు మండలాల్లో భూమి కంపించింది. టీవీలో ప్రకాశం జిల్లా అనగానే బంధువులందరూ ఫోన్లు చేశారు. అబద్ధమెందుకు, నాకు లోపల ఒక రకమైన సంతోషం కలిగింది. ఇన్నాళ్ళకు నా పగుళ్ళకు పరువైన కారణం ఒకటి దొరికింది. “అవును, గోడ పగిలింది. ఏం చేస్తాం, ప్రకృతి” అన్నాను ఫోన్లో మేనత్తతో. హైదరాబాదులో ఉన్న తోడల్లుడితో కూడా అన్నాను. “రిక్టరు స్కేలు మీద ఎంతొచ్చిందో గానీ మా హాల్లో మాత్రం...” అని ఒక నిట్టూర్పు కూడా విడిచాను. అయితే మా శిష్యుడు అంతకుముందే వచ్చి పగులు చివర పెన్సిలుతో అడ్డగీత గీసి తారీకు వేసి పోయాడు. పగులు మీద ఒక సన్నటి గాజుముక్కను అడ్డంగా సిమెంటుతో అతికించాడు కూడా. గోడ ఇంకా కదులుతుంటే గాజు పగులుతుంది, ఆగిపోతే పగలదు. పాతకాలపు ఇంజనీర్ల చిట్కా. భూకంపం వచ్చిన రోజు గాజు చెక్కు చెదరలేదు. తర్వాతి ఏప్రిల్ ఎండలకు మాత్రం ఒక మధ్యాహ్నం దానంతటదే టక్కుమంది. తోడల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు చదివింది ఆ పెన్సిలు తారీకులే. పైకి ఏమీ అనలేదు, రెండోసారి కాఫీ అడిగి తాగాడు.

మిగిలిన రెండు దోషాలూ నీళ్ళవి. నీళ్ళు తక్కువ, నేల ఎక్కువ అన్నది మా బోరు. పడమటి ప్రకాశంలో బోర్ల సంగతి చెప్పడానికి నేనెవర్ని? వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగినప్పుడు కుర్రవాళ్ళుగా జెండాలు పట్టుకున్నవాళ్ళు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుని ట్యాంకరు కోసం నిలబడుతున్నారు. కొండను తొలిచి పద్దెనిమిది కిలోమీటర్లకు పైబడిన రెండు సొరంగాలు వేశారు. నా సంపు గోడను మాత్రం నేను కారకుండా ఆపలేకపోయాను. నీళ్ళు ఎక్కువ, నేల తక్కువ అన్నది కింది బాత్రూము. దాని గురించి ఇంతకంటే చెప్పను, మా ఆవిడ ఈ వ్యాసం చదువుతుంది.

రిపేరు లెక్కలు ఆవిడే రాస్తోంది. కాగితం మీద కాదు, వంటింట్లో మేకుకు తగిలించిన పుట్టింటి పలక మీద. పాత అంకె తుడిచి కొత్త అంకె వేస్తే మొత్తం ఎంతయిందో తెలియదని, గుండెకు అదే మంచిదని ఆవిడ సలహా. తుడవని అంకె ఒకటి మాత్రం పై మూలన ఎప్పుడూ ఉంటుంది. ఇల్లు చూడబోయిన రోజు తారీకు.

మొన్న వేసవి సెలవుల్లో శిష్యుడు ఒక బేల్దారి మేస్త్రీని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. చేయాల్సింది వరసగా చెప్పాడు. ముందు సంపును గోడ నుంచి దూరంగా మార్చాలి. మిద్దె మీది వాన నీళ్ళు గోడ మొదట్లో పడకుండా పైపులు కాలవ దాకా తీసుకుపోవాలి. ఇంటి చుట్టూ మీటరు వెడల్పున బయటికి వాలుగా సిమెంటు గచ్చు వెయ్యాలి, నేల తడిసి ఆరి తడిసి ఆరకుండా. గోడ కదలడం ఆగిందని గాజు చెప్పాకే పగుళ్ళు చువ్వలతో కుట్టి సిమెంటు పాలు ఎక్కించాలి. స్లాబులో తుప్పు చువ్వలను గీకి, మందు పూసి, కొత్త కవరు కట్టాలి. అప్పటిదాకా లప్పం ముట్టుకోకూడదు. “లప్పమనే మాట ఈ ఇంట్లో వినపడగూడదు సార్” అన్నాడు. పాఠం చెప్పే గొంతు. నేను తలూపుతున్నాను, నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను.

సంపు మార్చడానికి సిద్ధాంతి ఒప్పుకోడేమో అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచే, “ఆయనకు మళ్ళీ కట్నమిస్తే ఎక్కడికైనా ఒప్పుకుంటాడు” అంది. నిజమే, వాయవ్యానికి ఒప్పుకున్నాడు. తవ్వడానికి ముహూర్తం కూడా పెట్టిచ్చాడు.

మేస్త్రీ టీ తాగుతూ నా వైపు కాసేపు చూశాడు.

“లోను ఇంకా ఎన్నేండ్లుంది సార్?”

“పదమూడేళ్ళు. రిటైరయ్యే దాకా.”

ఆయన లేచి హాలు నాలుగు మూలలూ చూశాడు, స్లాబు చూశాడు, మునికాళ్ళ మీద కూర్చుని లేచిన బండలు అరచేత్తో నొక్కి చూశాడు. తలగుడ్డ విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు.

“గచ్చు వేపీండి సార్. లోను తీరేదాకా ఉంటాది.”